వెనక గుమ్మం లేని ఇల్లు

మోజెల్ గేథర్ ఇల్లు కట్టించుకునేటప్పుడు వడ్రంగి వెనక గోడలో తలుపుకని చోటు వదిలాడట. ఆవిడ గొడుగు మొనతో ఆ ఖాళీని చూపించి "ఇదేంటయ్యా?" అందట. "వెనక గుమ్మం, మిస్ మోజెల్. ప్రతి ఇంటికీ ఉండేదేగా" అన్నాడట అతను. "నా బతుకులో సగం వెనక గుమ్మాల ముందే నిలబడి గడిపాను. ఇప్పుడు నా ఇంటికీ అదేనా? మూసెయ్" అందట ఆవిడ. మూసేశాడు. ఆ తర్వాత ఆ ఇంటికి పాస్టరుగారు వచ్చినా, బొగ్గుల బండివాడు వచ్చినా ముందు గుమ్మం ఒక్కటే దారి. మసి తివాచీ మీద పడితే పడనీ, ఉతకడం నాకు చేతకాదా అనేదట.

మా ఓకోనీ ఫెర్రీ ఊళ్లో పుట్టిన నల్లపిల్లలందరికీ ఈ కథ ఉగ్గుపాలతో పోస్తారు. డెల్ఫీన్ ముల్కీకీ అలాగే పోశారు. తెల్లదొరసానుల ఇళ్ల మాసిన బట్టలు మూటగట్టి నెత్తికెత్తుకుని వచ్చి, ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మళ్లీ ఆ వెనక గుమ్మాల దగ్గరికే మోసుకుపోయి, తలుపు కొట్టి, లోపలినుంచి ఎవరో ఒకరు వచ్చి మూట అందుకునేదాకా ఎండలో కాచుకున్న మనిషి మోజెల్. కాచుకుని కాచుకుని విసిగి, ఆవిరి యంత్రాలు తెప్పించి గేథర్ లాండ్రీ పెట్టింది. హోటళ్ల దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ పట్టుకుని తెల్లవాళ్లే ఆమె లాండ్రీ ముందుకొచ్చి వరసలో నిలబడే రోజులు తెచ్చింది. నదివైపు వీధుల్లో ఆమె దగ్గర పని చెయ్యని ఆడమనిషి లేదు. శనివారం ఆఖరి తొట్టి మాత్రం బేరానికి కాదు. అది న్యూ గిలియడ్ చర్చి తల్లులది. నెలలో మొదటి ఆదివారం, రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజున, అందరూ మదర్ అని పిలిచే తల్లుల సంఘం పెద్దామెలంతా టోపీ మొదలుకుని మేజోళ్ల దాకా తెలుపే వేసుకుంటారు. ఆ గౌన్లకు మిస్ మోజెల్ ఇంకెవరినీ గంజి పెట్టనిచ్చేది కాదు.

ఆ ఇల్లిప్పుడు మ్యూజియం. దానికి డైరెక్టరు డెల్ఫీన్. చదువుకని అట్లాంటా పోయి, అక్కడే ఒక పెద్ద మ్యూజియంలో ఉద్యోగం చేసి, జుట్టు నెరవడం మొదలయ్యాక సొంతూరికి తిరిగొచ్చింది. ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు తను అని ఆమెకు గట్టి నమ్మకం. నిజమే, తగలెయ్యలేదు. తెప్పను అద్దాల బీరువాలో పెట్టి పేరుచీటీ అంటించింది.

ఆ లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడినవాళ్లలో ఇంకా బతికున్నది మదర్ ఓజెల్లా థ్రాష్ ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, తల్లుల సంఘానికి పెద్ద. డెల్ఫీన్ వాళ్లమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలకు పోయేది. ఆ రోజుల్లో డెల్ఫీన్ లెక్కలు నేర్చుకున్నది ఓజెల్లా వంటింటి బల్ల మీద. జ్వరం వస్తే పడుకున్నది ఓజెల్లా మంచం మీద. బాప్తిస్మానికి వేసుకున్న తెల్ల గౌను ఓజెల్లా కుట్టింది. తిరిగొచ్చాక డెల్ఫీన్ ఆమెను చూడ్డానికి రెండు మూడుసార్లు వెళ్లింది, ఆ వెళ్లడం కూడా లాండ్రీ జ్ఞాపకాలు రికార్డు చేసుకోడానికి. చర్చికి రమ్మంటే "మిస్ మోజెల్ ఇంటి పని తెమలనీయండమ్మా" అని తప్పించుకునేది.

ఇంటికి మరమ్మతులు జరిగినప్పుడు అగ్నిమాపకశాఖ వాళ్లు రెండో తలుపు ఉండి తీరాలన్నారు. వెనక గోడ పగలగొట్టాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి డెల్ఫీన్ భయపడుతూనే ఓజెల్లా దగ్గరికి వెళ్లింది.

"మంట పుడితే మనుషులు బయటికి పోవాలిగా. పెట్టు" అంది ముసలామె, అనుకున్నంత గొడవ చెయ్యకుండా. "కానీ ఒక్కటి. అది బయటికి పోవడానికే. దాన్లోంచి ఒక్క మనిషి కూడా లోపలికి రాకూడదు. మాటిస్తావా?"

"ఇస్తున్నానమ్మా."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

డెల్ఫీన్ చూసి చెప్పింది. అప్పుడు ఆ మాట నిజంగానే మనసులోంచి వచ్చింది. ఆ తర్వాత రంగులు వేసేవాళ్లు ఆ గుమ్మం దగ్గరని అటునుంచి వచ్చారు, కరెంటు పనివాళ్లు వచ్చారు. చూసీ చూడనట్టు ఊరుకుంది. ప్రారంభోత్సవానికి అట్లాంటా నుంచి వచ్చే క్యాటరింగ్ వాళ్లకైతే తనే స్వయంగా చెప్పింది, సామాను వెనకనుంచి తీసుకురండి అని.

ప్రారంభోత్సవం తేదీ విట్లాక్‌గారికి వీలు చూసి పెట్టారు. ఇంటి మరమ్మతులకు అండగా నిలబడ్డ ట్రస్టుకు ఆయన అధ్యక్షుడు, మంచి మర్యాదస్తుడైన తెల్లాయన. ఆదివారం మధ్యాహ్నం ఆయనకు కుదిరింది. అది నెలలో ఎన్నో ఆదివారమో డెల్ఫీన్ చూసుకోలేదు. ముందు గుమ్మానికి అడ్డంగా కట్టిన రిబ్బను మదర్ ఓజెల్లా కత్తిరించి, అందరికంటే ముందు గడప దాటి లోపల అడుగుపెట్టాలి. అదీ కార్యక్రమం. ఆ అడుగు కోసమే డెల్ఫీన్ ఇన్నాళ్లూ కష్టపడింది. ఓజెల్లా కాలు పెడితేనే అది మోజెల్ ఇల్లు, లేకపోతే రంగులేసిన కొయ్య. ఈ మాట డెల్ఫీన్ తనే అందరికీ చెప్పుకు తిరిగింది.

ఆ రోజు పొద్దుటినుంచీ ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ముందురోజు పడ్డ వానకు పెరడంతా ఎర్రబురద. కుర్చీలు లాన్‌లో వెయ్యాలా వద్దా, మైకు పలుకుతుందా లేదా, పట్టు సూటు చెమటకు తడుస్తుందా. అతిథులు ఒక్కొక్కరే వస్తుంటే వరండాలో విట్లాక్‌గారి పక్కన నిలబడి చేతులు కలుపుతోంది. ఇంతలో క్యాటరింగ్ మేనేజరు గబగబా వచ్చి, తెల్లకోట్లు వేసుకున్న తన మనుషులు కొందరు దారి తెలియక ముందునుంచి వస్తున్నారని, ట్రేలతో అతిథుల మధ్యలో ఇరుక్కుంటున్నారని చెప్పి పోయాడు. దాంతో ఆమెకు చిర్రెత్తింది.

అదే నిమిషంలో వీధి గేటు తోసుకుని నలుగురు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. నిలువెల్లా తెలుపు. చేతుల్లో రేకు కాగితం కప్పిన గిన్నెలు. ఎదురెండ కళ్లలో పొడుస్తోంది.

"అటు కాదు, అటు కాదు!" అని వరండా మీదనుంచే కేకేసింది డెల్ఫీన్. "వంటవాళ్లు వెనకనుంచి రావాలని చెప్పానుగా! ఎన్నిసార్లు చెప్పాలి? వెనక గుమ్మానికి వెళ్లండి!"

నలుగురూ ఆగిపోయారు. ముందున్న ఆమె వెడల్పాటి టోపీ కిందనుంచి మెల్లగా తలెత్తింది.

మదర్ ఓజెల్లా.

ఓజెల్లా వెనక మదర్ టెంపీ, ఆ వెనక ఇంకో ఇద్దరు తల్లులు. చర్చి అవ్వగానే బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చేశారు. కొత్తింటికి వట్టి చేతులతో పోకూడదని తలా ఒక గిన్నె పట్టుకొచ్చారు. డెల్ఫీన్ ఆ ముఖాన్ని చూసింది, ఆ ముఖం డెల్ఫీన్‌ని చూసింది. మెట్లు దిగి పరుగెత్తుకెళ్లి కాళ్ల మీద పడితే అక్కడితో అయిపోయేది. ఓజెల్లా నాలుగు తిట్టి నవ్వేసేది కూడా.

కానీ పక్కన విట్లాక్‌గారు ఉన్నారు. ఆయన వంగి, ఎంతో ఆదరంగా, "మీ సిబ్బంది యూనిఫాం చాలా ముచ్చటగా ఉంది, డైరెక్టరుగారూ. పాతకాలపు తెలుపు. ఆలోచన మీదేనా?" అన్నారు.

కాదండీ, వాళ్లు సిబ్బంది కాదు, ఈ ఇంటివాళ్లు, నేనే పొరబడ్డాను అనాలి. అంటే నవ్వులపాలు. సొంత మనుషుల్ని గుర్తుపట్టలేని మనిషా ఈ మ్యూజియానికి డైరెక్టరు అనుకుంటారు. ఇంత ఆలోచన ఒక్క రెప్పపాటులో ఎలా చేసిందో ఆమెకే తెలియదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"థాంక్యూ" అంది డెల్ఫీన్. అని, నవ్వింది.

కింద మదర్ ఓజెల్లా తల దించుకుంది. టోపీ అంచు ముఖాన్ని మూసేసింది. గిన్నెను రెండు చేతులా సరిచేసుకుని, చేతికర్రను మోచేతికి తగిలించుకుని, మెల్లగా పక్కకి తిరిగింది. ఆమె వెనకే మిగతా ముగ్గురూ. ఇంటి పక్కనుంచి, కామెల్లియా పొదల వెంట, వెనక్కి వెళ్లిపోయారు. అతిథులు దారి ఇచ్చారు. గిన్నెలు పట్టుకున్నవాళ్లకు ఎవరైనా దారి ఇస్తారు.

ఆ తర్వాత డెల్ఫీన్ ఎవరెవరితో ఏం మాట్లాడిందో ఆమెకు గుర్తులేదు. చేతులు కలుపుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది. లోపల మాత్రం తల కొట్టేసినట్టుంది. ఇప్పుడు వెళ్తాను, ఈయన కూర్చోగానే వెళ్తాను, ఈ ఒక్కరూ రాగానే వెళ్తాను అనుకుంటూ నిలబడింది. పనివాళ్లు వాళ్లను గుర్తుపట్టి లోపల కూర్చోబెట్టి ఉంటారులే అని కూడా అనుకుంది. ఆ ఊహకు కాస్త ఊపిరాడింది, అందుకు ఇంకా సిగ్గేసింది.

విట్లాక్‌గారు గడియారం చూసుకుని, "రిబ్బను కత్తిరించే పెద్దావిడ ఇంకా రాలేదా?" అన్నాక గానీ ఆమె కదల్లేదు.

వంటింట్లోంచి వెళ్లి వెనక తలుపు తీసింది. నలుగురూ అక్కడే ఉన్నారు. మదర్ ఓజెల్లా మట్టి కొట్టుకున్న సిమెంటు మెట్టు మీద, మిగతా వాళ్లు క్యాటరింగ్ వాళ్ల ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించుకుని వాటి మీద, ఒళ్లో గిన్నెలతో కూర్చున్నారు. చుట్టూ ఎర్రబురద, మధ్యలో ఆ తెలుపు. నీడ కూడా లేదు.

"అయ్యో, ఇక్కడ కూర్చున్నారేంటమ్మా?" అంది డెల్ఫీన్. ఆ మాట ఎంత వెకిలిగా ఉందో అన్నాక తెలిసింది.

"వెనక్కి పొమ్మన్నావు. వచ్చాం" అంది మదర్ ఓజెల్లా.

"లోపలికన్నా రాకపోయారా?"

"ఈ గుమ్మం బయటికి పోవడానికేనని నాకెవరో మాటిచ్చారు. ఎవరే టెంపీ? నీకు గుర్తుందా?"

"ఎవరో బాగా చదువుకున్నావిడ" అంది మదర్ టెంపీ. ఆమెకు ఎప్పుడూ నవ్వు మొహమే, ఇప్పుడు మాత్రం లేదు.

"లోపలి పిల్లలు తలుపు తీసి రమ్మన్నారు. మంచి పిల్లలు. మేమే రామన్నాం" అంది ఓజెల్లా. "మూట తెచ్చినవాళ్లు తలుపు కొట్టి కాచుకోవాలి. ఇంటివాళ్లు వచ్చి అందుకోవాలి. అదీ పద్ధతి. తలుపు కొట్టాం, కాచుకున్నాం. చాలాకాలమైందిలే ఇలా కాచుకుని. మోకాళ్లకి అలవాటు తప్పింది."

"నేను గుర్తుపట్టలేదమ్మా. ఎండ కళ్లలో పడింది. ఆ క్యాటరింగ్ వాళ్లూ తెల్లకోట్లే. మీరు తెలుపులో వస్తారని నేను..."

"ఇవాళ ఏ ఆదివారం?"

ఇవాళ ఒకటో ఆదివారం. ఇంట్లో, హాలు గోడ మీద, మొదటి ఆదివారపు తెల్ల గౌన్ల గురించి డెల్ఫీన్ స్వయంగా రాయించిన బోర్డు ఉంది. దాని పక్కనే గాజుపెట్టెలో మిస్ మోజెల్ గంజి పెట్టిన గౌను కూడా ఉంది.

"సరే, పొరపాటు" అంది ఓజెల్లా, ఆమె జవాబు కోసం చూడకుండా. "పొరపాటుకి నేనెవర్నీ ఏమీ అనను. మొన్న నేను పాస్టరుగారి భార్యని పట్టుకుని పోస్టుమాననుకుని నా ఉత్తరాలేవీ అన్నాను. అడుగు టెంపీని. కానీ బిడ్డా, నేను తలెత్తాను. నువ్వు నన్ను చూశావు. చూశాక కూడా పోనిచ్చావు."

"లేదమ్మా, నేను..."

"ఆ దొర ఏదో అన్నాడు. నువ్వు థాంక్యూ అన్నావు. చెవుడు నాకుగానీ టెంపీకి కాదు."

డెల్ఫీన్‌కి భూమి నిలువునా చీలి మింగేస్తే బాగుండనిపించింది. భూమి అలాంటివేమీ చెయ్యదు. ఎర్రగా, తడిగా, కాళ్లకింద అలాగే ఉంది.

"నాది తప్పు. క్షమించండమ్మా" అంది చివరికి. చెయ్యి చాచింది. "రండి, నేను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్తాను. అందరూ మీకోసమే కూర్చున్నారు."

ముసలామె ఆ చేతిని చూసింది, అందుకోలేదు. "ముందుకి నా అంతట నేనే వచ్చాను. అప్పుడు అది నా హక్కు. ఇప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే నీ దయ. మోజెల్ ఇంట్లోకి నేను దయ మీద రాను. ఇదిగో, కాబ్లర్. నీకిష్టమని పిండి కింద పీచ్ పండ్లు ఎక్కువేసి కాల్చాను. చల్లారకముందే తీసుకుపో. లోపల వాళ్లు పెట్టేవి పిచ్చుకల మేతలా ఉన్నాయి."

గిన్నె డెల్ఫీన్ చేతుల్లో పెట్టి, టెంపీ భుజం ఆసరాతో లేచింది. తిరిగి నడుస్తుంటే గౌను వెనక భాగమంతా ఎర్రమన్ను. అరచెయ్యంత కాదు, కూర్చున్నంత మేరా. మిగతా తల్లులు అది చూశారు, దులపబోయారు. "వద్దు, తడిమన్ను దులిపితే ఇంకా పాకుతుంది" అంది ఓజెల్లా. నలుగురూ సందులోంచి చర్చి వ్యాను దగ్గరికి వెళ్లిపోయారు.

డెల్ఫీన్ లోపలికి పోలేదు. ఆ గుమ్మంలోంచి వెళ్లడానికి కాలు రాలేదు. గిన్నె పట్టుకుని, తల్లులు వచ్చిన దారినే, పొదల పక్కనుంచి ఇల్లు చుట్టి నడిచింది. గిన్నె ఇంకా వేడిగా ఉంది, బరువుగానూ ఉంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి దీన్ని మోస్తూ ఇంత దూరం తిరిగింది. బురదలో ఆమె చేతికర్ర పడిన గుంటలు కనిపిస్తూనే ఉన్నాయి.

లాన్‌లోకి వచ్చేసరికి అందరూ తలలు తిప్పి చూశారు. పట్టు సూటు, బురద బూట్లు, చేతిలో గిన్నె. మెట్ల కింద, ఇందాక వాళ్లు ఆగినచోటే ఆగింది. ఎవరో మైకు తెచ్చి నోటి ముందు పెట్టారు. ఆమె ప్రసంగం కంఠతా వచ్చు. "ఈ ఇల్లు కట్టించినప్పుడు వడ్రంగి వెనక గోడలో ఒక చోటు వదిలాడు" అని మొదలుపెట్టింది. "అప్పుడు మిస్ మోజెల్..."

ఆ తర్వాతి మాట రాలేదు. ఆ మాటకు ఎప్పుడూ చప్పట్లు పడతాయి. ఇవాళ పడితే తను బతకలేదు.

"ఇందాక నలుగురు పెద్దవాళ్లు ఈ గేటులోంచి వచ్చారు" అంది మళ్లీ. "మీలో చాలామంది చూశారు. వంటవాళ్లనుకుని నేను వాళ్లను వెనక్కి తరిమాను. వాళ్లు న్యూ గిలియడ్ తల్లులు. ఇవాళ మొదటి ఆదివారం. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా ఊరుకున్నాను. విట్లాక్‌గారు యూనిఫాం బాగుందంటే థాంక్యూ అన్నాను. ఆయనకు తెలియదు. నాకు తెలుసు. రిబ్బను కత్తిరించాల్సినావిడ ఇప్పుడే ఇంటికి వెళ్లిపోయింది. ఈ ఇల్లు ఇవాళ తెరవడం లేదు."

వెనక వరసలో చర్చివాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లలో ఒకావిడ గొంతులోంచి "ఊఁ" అని ఒక్క మూలుగు వచ్చింది, అందులో జాలి లేదు. విట్లాక్‌గారి ముఖం కందిపోయింది. ఆయన లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక టోపీ చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. డెల్ఫీన్‌కి దిగలేదు. ఒప్పుకున్నందుకు ఒకరిద్దరు వచ్చి భుజం తట్టిపోయారు, అది ఇంకా భరించరానిదిగా ఉంది.

ట్రస్టువాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఎప్పుడు తెరుస్తారని అడిగితే తెలియదంది. ఒక పొద్దున్నే వడ్రంగిని పిలిపించి వెనక తలుపుకి బయటివైపున్న పిడి పీకించేసింది. బయటినుంచి ఇక ఎవరూ దాన్ని తెరవలేరు, లోపలినుంచి నెట్టాల్సిందే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు ఆ పని ముందే చేసి ఉండొచ్చు. అప్పుడు తట్టలేదు.

కాబ్లర్ గిన్నె మాత్రం కడిగి వంటింటి బల్ల మీద పెట్టింది. అది రోజూ ఆమె ముఖంలోకి చూస్తుండేది. గిన్నెని తిరిగివ్వాలి. మా దగ్గర ఎవరి గిన్నే ఖాళీగా తిరిగివ్వరు. కాబ్లర్ చెయ్యబోతే మాడి అడుగంటింది. ఇంకోసారి చేస్తే పిండి ఉడకలేదు. ఇలా వారాలు గడిచి ఇంకో మొదటి ఆదివారం దగ్గరపడింది. ఆఖరికి తన దగ్గర ఉన్న ఒక్క వస్తువూ గిన్నెలో పెట్టి, పైన రుమాలు కప్పి, శనివారం పొద్దున్న మదర్ ఓజెల్లా ఇంటికి వెళ్లింది.

ముందు వరండాలో ఊగే కుర్చీ, దాని పక్కన జెరేనియం కుండీలు. ఎదురింటివాళ్లు చూస్తున్నారు. మెట్ల దాకా వెళ్లి ఆగింది. ముఖం చెల్లలేదు. ఇంటి పక్కగా, అంజూర చెట్టు కిందనుంచి తిరిగి, వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి కొట్టింది.

"ఎవరది?" లోపలినుంచి గొంతు.

"నేనమ్మా. డెల్ఫీన్‌ని."

చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు దగ్గరికి వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నా ఇంటికి ముందు గుమ్మం లేదా?"

"ఉందమ్మా."

"మరి అక్కడేం చేస్తున్నావు?"

"ముందుకి రావడానికి ముఖం చెల్లలేదమ్మా."

"చెల్లకపోతే తలొంచుకుని రా. కానీ ముందునుంచే రా. ఈ ఇంటికి వెనకనుంచి ఎవ్వరూ రారు. నువ్వయినా సరే."

డెల్ఫీన్ మళ్లీ ఇల్లు చుట్టి నడిచింది. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఎదురింటివాళ్లు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఓజెల్లా దోమతెర తలుపు తీసుకుని నిలబడి ఉంది. గిన్నె అందుకుని రుమాలు ఎత్తి చూసింది.

"ఇదేంటి, ఇనుము తెచ్చావు?"

"వెనక గుమ్మం పిడమ్మా. బయటివైపుది. పీకించేశాను. కాబ్లర్ కూడా చేశాను, మాడిపోయింది."

ఓజెల్లా పిడిని చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు చూసింది. మళ్లీ గిన్నెలోనే పెట్టింది. రుమాలు మాత్రం వెలుతురుకి ఎత్తి పట్టింది. "దీన్నెవరు ఇస్త్రీ చేశారు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. ఆవు నమిలి పారేసినట్టుంది." నవ్వలేదు. డెల్ఫీన్ కూడా నవ్వలేదు. "ఆ ఇల్లెప్పుడు తెరుస్తావు?"

"మీరు ఎప్పుడొస్తే అప్పుడు."

ముసలామె లోపలికి పోయింది. చాలాసేపటికి ఒక చిన్న మూట పట్టుకుని వచ్చింది. పాత దుప్పటి ముక్కలో కట్టి, నాలుగు చెంగులూ ముడేసిన మూట. దాన్ని డెల్ఫీన్ చేతుల్లో పెట్టింది.

"నా గౌను. ఆ రోజుది. మరక అలాగే ఉంచాను, నేను ముట్టుకోలేదు. మెషిన్లో వెయ్యకు, చేత్తో ఉతుకు. గంజి పలచగా పెట్టు. ఇస్త్రీ సంగతి దేవుడు చూసుకుంటాడు. రేపు చర్చి వేళకి తీసుకొచ్చి ఇక్కడ, ఈ గుమ్మంలో నాకివ్వు. చర్చి అయ్యాక అక్కడికే వస్తాను. రిబ్బను కట్టి ఉంచు."

డెల్ఫీన్ మూటను గుండెకు పట్టుకుంది. దుప్పటిలోంచి ఎండిన మన్ను వాసన వస్తోంది. ఓకోనీ మన్ను తెల్లబట్ట పడితే వదలదని ఊళ్లో అందరికీ తెలుసు.

"మరక పోకపోతే, అమ్మా?"

"పోకపోతే మరకతోనే వేసుకుని వస్తాను" అంది మదర్ ఓజెల్లా. "అదీ చూస్తారు అందరూ."

దోమతెర తలుపు మూసుకుంది. డెల్ఫీన్ మూటను చంకన పెట్టుకుని ముందు మెట్లు దిగి, ఎదురింటివాళ్ల కళ్లముందునుంచే ఇంటికి వెళ్లింది. స్నానాల తొట్టిలో చన్నీళ్లు పట్టి, మోకాళ్ల మీద కూర్చుని మూట విప్పింది. గౌను నీళ్లలో ముంచగానే నీళ్లు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్లీ పట్టింది.